ముందు చక్రాల మీద ఎంత మిగిలింది?

టెక్సస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఈ మధ్య ఒక ట్రావెల్ ట్రెయిలర్ కొన్నాడు. సెలవుల్లో పిల్లల్ని తిప్పడానికి పికప్ వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అన్నమాట. కొన్న వారానికే ఫోన్ చేశాడు. "మావయ్యా, దీనికి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కూడా కొనమంటున్నారు. నిజంగా కావాలా, లేక అమ్ముకోడానికి చెప్తున్నారా?" ట్రెయిలర్ బరువుని చక్రాలన్నిటికీ పంచే హుక్కు అమరిక అది. షాపువాళ్లు తప్పనిసరి అన్నారట. పక్కింటాయన మాత్రం ఏళ్ల తరబడి అది లేకుండానే లాగుతున్నానని చెప్పాడట.

వాడు అమెరికా బండి గురించి మాట్లాడుతుంటే నాకు మా ఏటిగట్టు ర్యాంపు గుర్తొస్తూనే ఉంది. బస్తాలతో గట్టెక్కుతున్న ట్రాక్టరు, నేల వదిలేయబోతున్న ముందు చక్రాలు, వాటిని కిందకి అణిచిపెట్టడానికి ముందు బంపర్ మీద నిలబడే ఇద్దరు కుర్రాళ్లు. కోతల రోజుల్లో మా వైపు ఇది చూడనివాళ్లు ఉండరు. వాడి సమస్యా మా సమస్యా ఒకటేనని నా అభిప్రాయం. ఎంత బరువు లాగుతున్నాం, ఇంజనుకి ఎంత పవరుంది అని అందరం అడుగుతాం. దారిలో అన్నిటికన్నా కష్టమైన చోట ముందు చక్రాల మీద ఎంత బరువు మిగులుతోందని మాత్రం ఎవరూ అడగరు. హిచ్ కావాలో వద్దో, ట్రాక్టరు ముందు బరువు కోసం పెట్టే ఇనప దిమ్మలు కావాలో వద్దో తేల్చేది ఎవరూ అడగని ఆ ప్రశ్నే.

వాడి బండి లెక్క

ట్రెయిలర్ బరువు మొత్తం దాని చక్రాల మీదే ఉండదు. కొంత హుక్కు దగ్గర లాగే బండి మీద పడుతుంది. అలాంటి ట్రెయిలర్లకి అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. అంతకన్నా తగ్గితే హైవే స్పీడులో ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అందుకని ఆ బరువు వద్దనుకోడానికి లేదు. చిక్కెక్కడంటే, అది పడేది వెనక ఇరుసుకి ఇంకా వెనక. వెనక కుంగుతుంది, ముందు తేలుతుంది. స్టీరింగు తేలికైపోతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ చేసే పనల్లా దీన్ని కొంతవరకు సరిచేయడమే. హుక్కు తల నుంచి రెండు గట్టి స్ప్రింగు కడ్డీలు వెనక్కి, ట్రెయిలర్ ముందు ఫ్రేము కిందుగా వెళ్తాయి. వాటి చివరల్ని పైకి లాగి బిగిస్తే ఆ బిగువు హుక్కు దగ్గర మీటలా పనిచేస్తుంది. వెనక ఇరుసు మీద పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకీ, ఇంకొంత ట్రెయిలర్ చక్రాలకీ మళ్లుతుంది.

వాడి ట్రెయిలర్ సామాన్లతో కలిపి 6,500 పౌండ్లు. అంటే మన లెక్కలో మూడు టన్నులకి కాస్త తక్కువ. అందులో 12 శాతం, అంటే 780 పౌండ్లు, హుక్కు మీద. అక్కడి హాఫ్ టన్ తరగతి పికప్‌లలో చాలావాటికి హుక్కు దగ్గర ఒక స్టిక్కర్ ఉంటుంది: ఈ హిచ్ లేకుండా అయితే ట్రెయిలర్ 5,000 పౌండ్లు, హుక్కు మీద 500 పౌండ్ల వరకే, అది ఉంటే ఇంకా ఎక్కువ అని. వాడి బండికీ అదే రాసుంది. అలా చూస్తే షాపువాళ్లు చెప్పిందే నిజం, అది అమ్మకం మాట కాదు. పక్కింటాయనకి ఇంకా పెద్ద తరగతి పికప్ ఉందట, పైగా ఆయన లాగేది చిన్న పడవ. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు, వీడికి పనికిరాదు అంతే.

నేను అడిగింది ఇంకొకటి. డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచు మీద ఈ బండి మనుషులూ సామాన్లూ కలిపి ఎంత మోయగలదో రాసుంటుంది, అది చూడమన్నాను. 1,500 పౌండ్లు. హుక్కు మీద 780, నలుగురు మనుషులకి 600, హిచ్ సొంత బరువు 100. మొత్తం 1,480. ఇంకా మిగిలింది 20 పౌండ్లు, ఒక మంచినీళ్ల డబ్బాకి సరిపోతుందేమో. కడ్డీలు బిగిస్తే కొంత బరువు ట్రెయిలర్ ఇరుసు మీదకి వెళ్తుంది నిజమే, దాన్ని నమ్ముకుని సామాన్లు ఎక్కించకూడదు. హిచ్ బరువుని సర్దుతుంది, బండి మోసే శక్తిని పెంచదు. చాలామంది పొరపడేది ఇక్కడే. అది కొన్నాం కాబట్టి ఇంకో నాలుగు సామాన్లు పడేయొచ్చు అనుకుంటారు.

అక్కడ హైవే పక్కన లారీలు ఆగేచోట్ల కాటాలుంటాయి. ఇరుసు ఇరుసుకీ విడిగా తూకం వస్తుంది. మూడుసార్లు తూయించమన్నాను: ఉత్తి పికప్, ట్రెయిలర్ తగిలించి కడ్డీలు వదిలేసి, ట్రెయిలర్ తగిలించి కడ్డీలు బిగించి. ముందు ఇరుసు మీద మొదట 3,100 వచ్చింది, రెండోసారి 2,750. అంటే 350 పౌండ్లు తేలిపోయింది. మూడోసారి 2,930. మాన్యువల్‌లో పోయినదాంట్లో సగం రప్పించమని ఉంది, సరిపోయింది. మొత్తం రప్పించేద్దామని ఇంకా బిగించబోతే వద్దన్నాను. అతిగా బిగిస్తే వెనక చక్రాలు తేలికై, తడి రోడ్డు మీద మలుపులో బండి వెనక భాగం జారిపోతుంది. ముందు పోయింది కదా అని వెనక పోగొట్టుకోవడం ఏం తెలివి?

ఇక ఊగడం మాట. బరువంతా వెనక పెట్టడం వల్ల ట్రెయిలర్ ఊగుతుంటే ఈ హిచ్ దానికి మందు కాదు. సామాన్లు ముందుకి జరపాలి.

ర్యాంపు దగ్గర జరిగింది

మా వైపు సంగతికొస్తాను. మా చేలు గట్టు దిగువన ఉంటాయి, రోడ్డు గట్టు మీద. నూర్చిన ధాన్యం మిల్లుకి వెళ్లాలంటే ట్రాక్టరు మట్టి ర్యాంపు ఎక్కి తీరాలి. దాళ్వాకి, అంటే ఎండాకాలం కోసే రెండో పంటకి, ఫర్వాలేదు, ఎండకి మట్టి గట్టిపడి ఉంటుంది. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలప్పుడు ఒక వాన పడిందంటే చక్రం దిగబడుతుంది.

ఆమధ్య సార్వాలో మా ఊరి రైతు ఒకాయన ట్రక్కు (ట్రాక్టరు వెనక తగిలించే ట్రెయిలర్‌ని మా వైపు అలాగే అంటాం) ఆ ర్యాంపు మీద సగంలో ఆగిపోయింది. యాభై బస్తాల లోడు. ముందు చక్రాలు మెల్లగా లేచాయి, జానెడు, తర్వాత మూరెడు. బంపర్ మీద ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. డ్రైవర్ భయపడి క్లచ్ తొక్కేశాడు. ముందు చక్రాలు దబ్బుమని నేలకి కొట్టుకున్నాయి, ఒక కుర్రాడు పక్కకి దూకాడు, రెండోవాడు చక్రానికి మూరెడు దూరంలో పడ్డాడు. బ్రేకుల్లేని ట్రక్కు వెనక్కి జారి, అడ్డం తిరిగి, బోదె కాలువలోకి ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బస్తాలు తడిసిపోయాయి.

అందరూ డ్రైవర్నే అన్నారు. క్లచ్ అలా వదలకూడదు, ఇలా పట్టకూడదు అని తలో మాటా. నేను వెళ్లి చూసింది హుక్కుని. కిందటి నెల్లోనే ట్రక్కు ముందుకి వాలినట్టుందని, సమంగా ఉంటే బావుంటుందని వర్క్‌షాపులో హుక్కుని జానెడు పైకి పెట్టి వెల్డింగ్ చేయించారు. అంతకుముందు ఏడు అదే ట్రాక్టరు, అదే డ్రైవరు, అదే యాభై బస్తాలు, అదే ర్యాంపు. బొటాబొటీగా ఎక్కేసింది.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. గుండ్రంగానే వేస్తాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ట్రాక్టరు 2,000 కేజీలు, అందులో ముందు చక్రాల మీద 750. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2 మీటర్లు. హుక్కు వెనక ఇరుసుకి 60 సెంటీమీటర్లు వెనక, నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు. బస్తా 75 కేజీలు కాబట్టి యాభై బస్తాలు 3,750, ఉత్తి ట్రక్కు 1,250. వెరసి 5 టన్నులు. రెండు చక్రాల ట్రక్కు కాబట్టి అందులో ఐదో వంతు, అంటే 1,000 కేజీలు, హుక్కు మీద.

చదును రోడ్డు మీద ఆ 1,000 కేజీలు ముందు చక్రాల నుంచి 300 కేజీలు తేల్చేస్తాయి. లాగేటప్పుడు ఇంకో 30 పోతుంది. మిగిలింది 420. స్టీరింగు పట్టు ఉండాలంటే ట్రాక్టరు బరువులో కనీసం 20 శాతం, అంటే 400 కేజీలు, ముందు చక్రాల మీద ఉండాలన్నది ట్రాక్టర్లకి వాడే లెక్క. కాబట్టి రోడ్డు మీద ఈ లోడు సరిగ్గా అంచున ఉంది.

ర్యాంపు మీద, ఎనిమిది అడుగులకి అడుగు ఎత్తు అనుకుంటే, మెత్తటి మట్టిలో ఆ ట్రక్కుని లాగడానికి దాదాపు 1,000 కేజీల లాగుడు కావాలి. ఆ లాగుడు 50 సెంటీమీటర్ల ఎత్తున హుక్కుని వెనక్కి గుంజుతూ ముందు నుంచి ఇంకో 250 తేలుస్తుంది. ట్రాక్టరు ఏటవాలుగా ఉండటం వల్ల దాని సొంత బరువే ఒక 100 వెనక్కి జరుగుతుంది. 300, 250, 100. మొత్తం 650 పోయి ముందు మిగిలింది 100 కేజీలు. కిందటేడు బొటాబొటీగా ఎక్కింది ఆ 100 కేజీల మీద. హుక్కుని జానెడు ఎత్తితే 50 కాస్తా 75 సెంటీమీటర్లయింది. 250 పోవాల్సిన చోట 375 పోయింది. మొత్తం 775. ఉన్నదే 750. కుర్రాళ్ల బరువు ఇందులో కలపలేదు, క్లచ్ వదిలేటప్పటి కుదుపూ కలపలేదు.

దీన్ని పట్టుకుని డ్రైవర్ని తిట్టినవాళ్లకి చూపిస్తే కొందరు ఒప్పుకున్నారు, కొందరు కాగితం లెక్కలన్నారు. అయితే కాటా మీదే చూద్దామన్నాను.

కాటా మీద

మిల్లు దగ్గర కాటా మీద ఎప్పుడూ బండి మొత్తం ఎక్కిస్తారు. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి, తేడా ధాన్యం బరువు. మేం లోడు ట్రక్కుతో వెళ్లి ముందు చక్రాలు రెండే కాటా మీదకి ఎక్కించి ఆపాం. కాటా దగ్గరున్నాయనకి అర్థం కాలేదు. "ఆయ్, బండంతా ఎక్కించండి, ముందు చక్రాలు తూస్తే మీకేం వస్తదండీ?" అన్నాడు. తెర మీద అంకె 430, 440 మధ్య ఆడి ఆగింది. తర్వాత పిన్ను తీసేసి ట్రక్కు వదిలి, ట్రాక్టరు ఒక్కదాన్నే మళ్లీ ముందు చక్రాల వరకు ఎక్కించాం. 760. ఆ రెండు అంకెలూ చూశాక మా డ్రైవర్ ఏమీ మాట్లాడలేదు. కిందకి దిగి హుక్కు దగ్గర వంగి, జానతో నేల నుంచి ఎత్తు కొలుచుకున్నాడు.

చదును మీద పోయిన బరువే కాటా చూపిస్తుంది, ర్యాంపు మీద పోయేది చూపించదు. అయినా చదును మీదే సగానికి దగ్గరగా పోయిందని కళ్లతో చూశాక మిగతా సగం నమ్మించడానికి కష్టపడక్కర్లేదు. డెల్టాలో మిల్లులకీ కాటాలకీ కొదవ లేదు. ఐదు నిమిషాల పని. ట్రాక్టరున్న ప్రతివాళ్లూ ఏడాదికి ఒక్కసారి, కోతల ముందు ఇది చూసుకోవాలని నేను గట్టిగా అంటాను.

"మేం ఎప్పుడూ ఇలాగే ఎక్కిస్తాం"

నాకు ఎదురైన వాదనల్లో బలమైనది డ్రైవర్ల పనితనం గురించి. ముందు చక్రాలు తేలినా కుడి బ్రేకూ ఎడమ బ్రేకూ విడివిడిగా తొక్కుతూ ట్రాక్టర్ని తిప్పగలవాళ్లు మా వైపు ఉన్నారు. చూశాను, గొప్ప పనితనమే. కానీ ఆ పనితనం ఉన్నవాడు రోజుకి పది ట్రిప్పులు వేసి, రాత్రి పదింటికి, తడిమట్టిలో, పదకొండో ట్రిప్పు వేస్తున్నప్పుడు కూడా అంతే ఒడుపుగా ఉంటాడని ఎవరం అనుకోగలం?

రెండోది, బస్తాలు వెనక్కి సర్దితే హుక్కు మీద బరువు తగ్గుతుంది కదా అన్నది. ఎడ్లబళ్ల కాలంలో పెద్దవాళ్లకి ఇది అనుభవంతో తెలుసు. కాడి మీద బరువెక్కువైతే ఎద్దుల మెడలు పుండ్లవుతాయి, వెనక ఎక్కువైతే బండి ఎత్తిపోతుంది. ట్రక్కుకీ అంతే. కొంచెం వెనక్కి జరపడం మంచిదే. మరీ జరిపితే ర్యాంపు మీద ట్రక్కు వెనక్కి వాలి హుక్కుని పైకి ఎత్తుతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకి నేల మీద పట్టు పోయి ఉన్నచోటే తిరుగుతాయి. మెత్తటి మట్టిలో పట్టునిచ్చేది ఆ హుక్కు మీద బరువే. దాన్ని పూర్తిగా తీసేయలేం.

నాలుగు చక్రాల ట్రక్కు కొనమన్నవాళ్లూ ఉన్నారు. దాని బరువు దాని నాలుగు చక్రాల మీదే ఉంటుంది, హుక్కు మీద దాదాపు ఏమీ పడదు. పై లెక్కలో అది పెడితే ర్యాంపు మీద ముందు దాదాపు 400 మిగులుతుంది. 100 ఎక్కడ, 400 ఎక్కడ! అయితే దాన్ని రివర్సులో కల్లంలోకి, కొబ్బరితోటల మధ్య సందుల్లోకి పెట్టడం నరకం. పైగా వెనక చక్రాలకి పట్టు తక్కువ కాబట్టి తడి ర్యాంపు మీద అది వేరే రకంగా ఏడిపిస్తుంది. రోడ్డు మీద ఎక్కువ తిరిగేవాళ్లకి నేను అదే చెప్తాను. చేల్లో తిరిగేవాళ్లకి చెప్పలేను.

మరి అమెరికా హిచ్ లాంటిది మన ట్రాక్టరుకి పెట్టించుకోవచ్చా అని ఒకరిద్దరు అడిగారు. ఆలోచించాను. వద్దనే నా అభిప్రాయం. ఆ కడ్డీలు చదునైన రోడ్డు కోసం చేసినవి. అక్కడే లోతైన గుంతలూ నిటారు ఎక్కుళ్లూ దాటేటప్పుడు వాటిని వదులు చేసుకోమంటారు. మన ర్యాంపు నెత్తిన, ట్రాక్టరు గట్టు మీదకి చేరి ట్రక్కు ఇంకా ఎక్కుతున్నప్పుడు, రెంటి మధ్యా నేల వంగి ఉంటుంది. బిగిసిన కడ్డీలు ఏ బరువుని ఎటు తోస్తాయో చెప్పలేం. కడ్డీల ఆ బిగువుకి మన ట్రక్కుల డ్రాబార్, అంటే హుక్కుకి తగిలించే ముందు దూలం, ఆగదు కూడా.

మనకి సరిపడేవి ముందు బంపరుకి తగిలించే ఇనప దిమ్మలు. ఎక్కడో విదేశాల్లో దొరికేవి కావు, ట్రాక్టరు షోరూముల్లోనే ఉంటాయి. 150 కేజీల దిమ్మలు ముందు ఇరుసుకి ఇంకా ముందు వేలాడతాయి కాబట్టి ముందు చక్రాల మీద 195 కేజీలు కలుస్తుంది. దమ్ము చేసేటప్పుడు బురదలో బరువెందుకనుకుంటే తీసి పక్కన పెట్టుకోవచ్చు. ఇద్దరు కుర్రాళ్లు కలిపి 130 కేజీలు ఉంటారు. అంటే ఇన్నాళ్లూ మనం ఇనుముకి బదులు పిల్లల్ని వాడుతున్నాం. ఇది రాస్తుంటే నాకు కోపమొస్తోంది. దిమ్మ జారిపడితే నష్టం డబ్బుల్లో తేలుతుంది. ఆ రోజు చక్రానికి మూరెడు దూరంలో పడ్డ కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు.

దిమ్మలొక్కటే చాలవని కూడా చెప్పాలి. యాభై బస్తాలతో ర్యాంపు మీద 100కి 195 కలిపినా 295 దాటదు, కావాల్సింది 400. బస్తాలు నలభైకి దించి, కొన్నిటిని ఇరుసుకి వెనకగా సర్ది హుక్కు మీద బరువు 640 దాకా తెచ్చి, దిమ్మలు కూడా పెడితే అప్పుడు 430 వస్తుంది. హుక్కు కిందే ఉండాలి, అది వేరే చెప్పక్కర్లేదు. ఇంకో పది హెచ్‌పీ ఉన్న ట్రాక్టరు కొంటే? ముందు చక్రాలు ఇంకా తొందరగా లేస్తాయి. లాగే బలం ఎక్కువై బరువు పంపకం అలాగే ఉంటే జరిగేది అదే.

ఆ పది బస్తాల ఖర్చు

నలభై బస్తాలనగానే అందరి ముఖాలూ మారిపోయాయి. మారవా మరి. కిరాయి బస్తాకింత అని మాట్లాడుకుంటాం. ట్రిప్పుకి పది బస్తాలు తగ్గితే ట్రాక్టరాయనకి డీజిలు అంతే, కిరాయి తక్కువ. వాన మబ్బు కనిపిస్తుంటే రైతుకి ఎంత తొందరగా ధాన్యం గట్టెక్కితే అంత మంచిది. ఇద్దరికీ యాభై వేయడమే లాభం, దాని ప్రమాదం మాత్రం బంపర్ మీద నిలబడ్డవాళ్లది. జాగ్రత్తగా ఉండండి అని చెప్పడం వల్ల ఇది మారదు. కిరాయి లెక్క మారాలి.

ఈసారి సార్వాకి మా గట్టు కింద చేలున్న కొందరం కూర్చుని, ఆ ర్యాంపు ఎక్కాల్సిన ధాన్యానికి బస్తాకింత అని కాకుండా ట్రిప్పుకింత అని ఇద్దామనుకున్నాం. నలభై బస్తాల ట్రిప్పు, బంపర్ మీద మనుషులుంటే బండి కదలకూడదు. దిమ్మల ఖర్చులో సగం ట్రాక్టరు వాళ్లు, సగం మేం. ఒక ట్రాక్టరాయన ఒప్పుకున్నాడు. ఇంకొకాయన పక్క ఊళ్లో యాభై వేసుకుంటానని వెళ్లిపోయాడు, ఆయన్ని తప్పుపట్టలేను, ఆయన బండి కిస్తీలు ఆయనకున్నాయి. అందుకే పక్క ఊరి రైతులతో కూడా మాట్లాడుతున్నాం. వాళ్ల ర్యాంపు మాదానికన్నా నిటారు.